తిట్టడం మానేసిన అత్తగారు

పళ్ళ డాక్టరు కోటుకి రెండూ ఎడమ చేతులే!

ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టే కోడలు, కోటును ఎత్తి పట్టుకుని మరోసారి చూసుకుంది. మిషను ముందు కూర్చుంటే కళ్ళు మూసుకుని కుట్టగల మనిషి... కుడి చెయ్యి ఉండవలసిన చోట మరో ఎడమ చెయ్యి అతికించింది! ఎవరి కంటా పడకముందే విప్పేద్దామని కత్తెర అందుకుంది. అప్పటికే గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు.

"రెండూ... ఎడమవేనా?" అన్నాడు, నెత్తిన పిడుగు పడ్డట్టు.

ఇంకో ఇంట్లో అయితే పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. కానీ కిందటేడు ఆమె తల తెరిచి మెదడులోంచి గడ్డ తీశారు. "మొత్తం తీసేశాం. అయినా మళ్ళీ రావచ్చు, రాకపోనూవచ్చు. చూస్తూ ఉండాలి" అంది డాక్టరమ్మ. అంతే! ఆనాటి నుంచీ ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నారు. తుమ్మితే చూస్తారు. చేతిలో గరిట జారితే చూస్తారు. మాట కోసం ఒక్క క్షణం తడుముకుంటే ఊపిరి బిగబట్టి మరీ చూస్తారు! భర్త లిఫ్టుల మెకానిక్కు. అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి లోపల జనం కేకలు పెడుతున్నా తాపీగా పానా తిప్పే మనిషి. పెళ్ళాం ఆవలిస్తే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు.

కబురందుకుని ఆడపడుచు పరుగున వచ్చింది. ఆవిడ లెక్కల టీచరు. సంచీ అయినా కింద పెట్టకుండా వదిన భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"వదినా! ఇటు చూడు! నేనెవర్ని?"

"నా ప్రాణానికి పట్టిన ఆడపడుచువి!"

"అమ్మయ్య, గుర్తుపట్టింది అన్నయ్యా! ఏదీ, పదమూడో ఎక్కం చెప్పు వదినా!"

"నాకు పదమూడో ఎక్కం ఎప్పుడొచ్చిందే?"

"అయ్యో అయ్యో! వచ్చో రాదో కూడా గుర్తులేదన్నయ్యా!" అంటూ అన్న భుజం మీద వాలి బావురుమంది.

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కానీ ఆమెను నిజంగా భయపెట్టింది వీళ్ళిద్దరూ కాదు... అత్తగారు!

ఆవిడను వీధంతా 'మైకు' అనేవారు. ఆవిడ వంటింట్లో కోడల్ని తిడితే వీధి చివర బేకరీవాడు "ఇవాళ పులుసు మాడింది కాబోలు" అనుకునేవాడు. అలాంటి మనిషి ఆపరేషను నాటి నుంచీ మూగనోము పట్టింది. నోరు తెరిస్తే "నా తల్లీ, నా బంగారం" తప్ప మరో మాట లేదు. ఇప్పుడూ అంతే! ఆ కోటును చూసి, "పోనీలే తల్లీ, ఎంత ముద్దుగా కుట్టావో! ఆ డాక్టరే చేతులు మార్చుకుంటాడులే" అంది తేనె ఒలికిస్తూ.

ఆ తియ్యటి మాట వినలేక కోడలు కోటును పక్కన పడేసింది. గబగబా స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీద నిలబడి, చూపుడువేలితో ముక్కు కొన తాకింది. డాక్టరమ్మ చేయించే పరీక్షే! రోజూ ఎవరికీ తెలియకుండా చేసుకుంటోంది. వేలు ముక్కు మీదికే వెళ్ళింది. అయినా కన్నీళ్ళు ఆగలేదు... గడ్డ తల్లోంచి వెళ్ళింది గానీ భయం మాత్రం అద్దె ఇవ్వని అద్దెకున్నవాడిలా అక్కడే తిష్ఠ వేసింది!

"తల్లీ, పడ్డావా?" అంది బయట నుంచి అత్తగారు, తలుపుకి చెవి ఆనించి.

భర్త బతిమాలి స్కానింగును ముందుకు జరిపించాడు. మర్నాడు నలుగురూ ఆస్పత్రికి వెళ్ళారు. స్కానింగు అయింది. ఫలితం కోసం వరండాలో బల్ల మీద కూర్చున్నారు. అత్తగారు కోడలి చేతిని నిమురుతూ, "నీకేం కాదు నా బంగారం... నీ అంత గుణవంతురాలు ఎక్కడుంది..." అని మొదలుపెట్టింది.

కోడలు చెయ్యి విదిలించుకుని లేచింది.

"అత్తయ్యా, మీకు దండం పెడతాను, ఒక్కసారి తిట్టండి! మీరిలా తియ్యగా మాట్లాడుతుంటే, నేను పోతానని మీ అందరికీ తెలిసిపోయినట్టు ఉంటోంది! బతికి ఉండాల్సిన కోడల్ని ఇంత ముద్దు చేస్తారా ఎవరైనా?"

అత్తగారూ లేచింది. "ఎలా తిట్టనే? ఆ రోజు నేను తిడుతుండగానే కదే నువ్వు కుప్పకూలిపోయావు! పులుసు మాడిందని నానా మాటలూ అన్నాను... నా నోటి వల్లే నీ తల్లో ఆ గడ్డ పుట్టిందే! మళ్ళీ నోరు విప్పితే మళ్ళీ వస్తుందని నోరు కుట్టేసుకున్నాను!"

ఇన్నాళ్ళూ ఈ పిచ్చితల్లి మోసిన బరువు ఇదా! కోడలు ఆవిడను గట్టిగా కౌగిలించుకుంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తడిపేసుకుంటుంటే గది తలుపు తీసి డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"ఏం లేదు. శుభ్రంగా ఉంది. మరి ఈ ఏడుపులేంటి?"

భర్త గోడకు చేరగిలబడ్డాడు. సంగతంతా ఆడపడుచు వెక్కుతూ చెప్పింది. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"అత్తల తిట్లకి గడ్డలొస్తే ముందు నా తల్లో ఉండాలమ్మా, ఓ బుట్టెడు! తిట్లకేం రావు."

"ఇక ఎప్పటికీ రాదు కదండీ?" అంది అత్తగారు.

డాక్టరమ్మ నవ్వు తగ్గింది. "ఆ మాట నేనివ్వలేను. ఇవాళ లేదు. అంతవరకే చెప్పగలను."

ఇవాళ లేదు... కోడలు ఆ మాటను లోపలే మళ్ళీ మళ్ళీ అనుకుంది. చిన్నమాటే. కానీ దాని మీద కాలు మోపి నిలబడవచ్చు అనిపించింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మిషను ఆపి, "తలనొప్పిగా ఉంది" అంది కోడలు, దాచుకోకుండా. ఇల్లంతా బిగుసుకుపోయింది. భర్త చేతిలో గ్లాసు గాల్లో ఆగింది. వంటింట్లోంచి అత్తగారు విసురుగా వచ్చింది.

"మరి రాదూ! కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని పొద్దుట్నుంచీ నల్లగుడ్డ మీద నల్లదారంతో కుడుతుంటే తలనొప్పి రాక రాజ్యం వస్తుందా? చెబితే వినే రకమా? నా మాటంటే ఈ కొంపలో లెక్కుందా అసలు?"

వీధి చివర బేకరీవాడు ఉలిక్కిపడి తల ఎత్తాడు.

"వినబడుతోంది అత్తయ్యా, వీధికంతా!" అంది కోడలు.

"వినబడనీ!" అంటూ అత్తగారు ఆమె తలను పొట్టకు అదుముకుని కణతలు నొక్కసాగింది. తిట్లు ఆగలేదు. ఆ వేళ్ళు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. కోడలు వాటి మీద తన చెయ్యి వేసి, హాయిగా కళ్ళు మూసుకుంది.