చప్పుడు లేని చప్పట్లు

"ఒరేయ్ నాన్నా, ఆ మైకు పట్టుకున్నప్పుడు షాకు కొడితే నేనేమైపోవాలిరా?"

అప్పటికింకా హాల్లో కుర్చీలు కూడా వేయలేదు. తల్లి భయం మాత్రం అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చుంది.

"ఇన్నేళ్లలో నాకు తగిలిన షాకు ఒక్కటేనమ్మా. అది కళ్లజోళ్ల షాపులో," అన్నాడు మైక్ సెట్ నడిపే కొడుకు, వైర్ల చిక్కు తీస్తూ.

ఆవిడ మూతి ముడుచుకుంది. ఆ షాపుకి వాణ్ణి వెంటబెట్టుకెళ్లింది తనే మరి. ఆ రోజు తలవంచుకుని ఆవిడ కళ్లజోడు ఫ్రేము బిగిస్తున్న అమ్మాయికి తన మోకాళ్ల నొప్పి, నిద్రలేమి, కోడలు లేని కొరత అన్నీ ఏకరువు పెట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఎంత పొగరు! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది."

సరిగ్గా అప్పుడే ఆ పిల్ల తలెత్తి, ఆవిడ పెదాలు కదలడం చూసి, తన చెవి చూపించి, వినపడదన్నట్టు చెయ్యూపి నవ్వింది. శంఖం ఆవిడ గొంతులోనే ఇరుక్కుపోయింది. కొడుకు ఆ నవ్వులో ఇరుక్కుపోయాడు.

ఆనాటి నుంచి ఆవిడ కళ్లజోడు స్క్రూ రోజూ వదులైపోయేది. రిపేరుకి వాడే పట్టుకెళ్లేవాడు. వాడు చేతులతో మాట్లాడటం నేర్చుకునే లోపు ఆవిడ పప్పులో రాళ్లు ఏరడం మరిచిపోయింది.

విషయం తెలిశాక ఇంట్లో ఒకటే రభస.

"కుక్కరు విజిలేస్తే? పసిబిడ్డ ఏడిస్తే? రాత్రి నాకు గుండె పట్టేసి పిలిస్తే?"

"నువ్వు పిలిస్తే వీధి వీధంతా లేచొస్తుంది కదమ్మా."

"మాటాపలుకూ లేని కొంప అయిపోతుందిరా!"

"ముగ్గురికీ సరిపడా నువ్వు మాట్లాడుతున్నావుగా!"

వాడి హాస్యం వాడిది. కానీ అమ్మాయి చేతులతో తేల్చి చెప్పేసింది: మీ అమ్మకి ఇష్టం లేని ఇంట్లో అడుగుపెట్టను.

వాడు మైకు బిగించిన ఆ సాయంత్రమే హాల్లో 'మన వీధి, మన కథలు' కార్యక్రమం. ఎవరి కథ వాళ్లే చెప్పుకోవాలి. ముందుగా ఇస్త్రీ మాస్టారు లేచాడు. "పె-పెళ్లిచూపుల్లో 'ఒ-ఒప్పుకోను' అనబోయా. 'ఒ-ఒప్పుకో' దగ్గరే ఆగిపోయా. వా-వాళ్లు స్వీట్లు పంచేశారు!"

"ఆ 'ను' కోసం ఇంకా ఎదురుచూస్తున్నా!" అని ఆయన భార్య వెనకనుంచి అరిచింది. హాలంతా గొల్లుమంది.

తర్వాత కళ్లజోళ్ల అమ్మాయి స్టేజీ ఎక్కింది. ఆమె చేతులు చెబుతుంటే వాడు మైకులో పలికాడు. "బళ్లో టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా నాకు పాఠం ఆగిపోయేది. అందుకే మొహాలు చదవడం నేర్చుకున్నా. ఇప్పుడు అందరికీ కళ్లజోళ్లు పెట్టి, నా మొహం చూడమంటున్నా."

జనమంతా చేతులు పైకెత్తి గాల్లో ఊపారు. చెవులు వినపడనివాళ్లకి చప్పట్లు అలాగే కొట్టాలని వాడు మొదట్లోనే నేర్పాడు. వాడది నేర్పేటప్పుడు తల్లి మాత్రం వెనక తలుపుకి ఎవరైనా తాళం వేశారేమోనని చూడటానికి వెళ్లింది. పైగా కళ్లజోడు ఆ రోజు కూడా రిపేరులోనే ఉంది.

మసకమసగ్గా ఆవిడకి కనిపించింది ఒక్కటే. మైకు చంకలో పెట్టుకుని కొడుకు నిలువెల్లా వణికిపోతున్నాడు.

"నా బిడ్డకి కరెంటు కొట్టిందర్రోయ్!"

మోకాళ్ల నొప్పి మరిచి పరుగెత్తి మెయిన్ స్విచ్చి ఆపేసింది. హాలు చీకటి.

"అమ్మా! అవి చప్పట్లమ్మా తల్లీ!"

ఒక్కొక్కటిగా ఫోన్ల టార్చీలు వెలిగాయి. ఆ వెలుగులో అమ్మాయి మెల్లగా దిగివచ్చింది. సంచీలోంచి కళ్లజోడు తీసి, తుడిచి, ఆవిడ ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టింది. తర్వాత ఆమె చేతులు కదిలాయి. ఈసారి మైకు లేకుండానే వాడు పలికాడు.

"'మీరు పిలిస్తే నాకు వినిపించదు. భుజం తడితే చాలు, లేచొస్తాను. మీ ఇంట్లో నాకు చోటుందా?' అని అడుగుతోందమ్మా."

మొదటిసారి ఆ మొహాన్ని ఆవిడ స్పష్టంగా చూస్తోంది. తన భయాలన్నిటికంటే పెద్ద భయం ఆ పిల్ల కళ్లలో ఉంది, 'వద్దంటారేమో'నని.

"ఒ-ఒ-ఒప్పు..." అని ఇస్త్రీ మాస్టారు అందించబోతే, భార్య ఆయన నోరు మూసేసింది.

ఆవిడ నోరు తెరిచింది. దానితో పనిలేదని గుర్తొచ్చి మూసేసింది. అప్పుడు రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తి, గాజులు గలగలమనేలా ఊపింది.

ఆ గలగల హాలంతటికీ వినిపించింది. వినాల్సిన పిల్లకి కనిపించింది.