కదలని ముల్లు

సోమయాజులు శవం యూనివర్సిటీ లైబ్రరీ వెనక దొరికింది. మెడ మీద విషపు సూది పోటు. అతను డిఫెన్స్ లేబొరేటరీలో డ్రాఫ్ట్స్‌మన్. చచ్చేముందు గూఢచారి డిపార్ట్‌మెంటుకు ఒక్క కబురు పంపాడు: "రాడార్ డ్రాయింగులు మైక్రోఫిల్మ్ తీశారు. శుక్రవారం డాక్టర్ హోల్మ్ కారులో దేశం దాటడానికి బయలుదేరతాయి."

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం రెండయింది. ఏజెంట్ వెంకటేశం ఆ కారు కిందే వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

తార్నాకలో ఈ మెకానిక్ షెడ్డు నాలుగు నెలలుగా అతని మారువేషం. హోల్మ్ పైకి క్యాంపస్‌లో విజిటింగ్ లెక్చరర్. అసలు పని విదేశీ ముఠా నడపడం. అతనిది టర్బో కారు. సైలెన్సర్‌కు పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజన్‌లోకి గాలిని కుక్కుతుంది. దానికి బిగించమని పొద్దున రెండు కొత్త సామాన్లు ఇచ్చి పోయాడు. ఒకటి బూస్ట్ కంట్రోలర్. దాని మర తిప్పినకొద్దీ గాలి ప్రెషర్ పెరుగుతుంది, పోలీసు జీపులకు కారు అందదు. రెండోది గేజ్. ఆ ప్రెషర్ ఎంతో ముల్లుతో చూపిస్తుంది. నాలుగింటికల్లా కారు సిద్ధంగా ఉండాలి.

బ్యాటరీ చార్జర్‌లో దాచిన వైర్‌లెస్ గురగురమంది. చీఫ్ పార్థసారథి.

"దొరికిందా?"

"లేదు సార్. సీట్లు విప్పిన, టైర్లు విప్పిన, ట్యాంకుల చెయ్యి పెట్టిన. వాణ్ని గిప్పుడే పట్టుకుంటే ఏమైతది?"

"ఫిల్మ్ చేతికి రాకుండా విదేశీయుణ్ణి ముట్టుకోవడానికి వీల్లేదు. అది వాడి బ్రీఫ్‌కేసులో ఉందని కాత్యాయని రిపోర్టు. వాడు విమానం ఎక్కేలోగా ఎయిర్‌పోర్టులో నేను చూసుకుంటాను."

కాత్యాయని హోల్మ్ సెక్రటరీ. డిపార్ట్‌మెంటుకు రహస్యాలు అందించేదీ ఆమే.

"ఆమె మాట నమ్ముతరా సార్?"

"నీ పని నట్లు బిగించడం. బిగించు." లైన్ కట్టయింది.

బిగించాడు. కంట్రోలర్ చక్కగా కూర్చుంది. గేజ్ మాత్రం ప్రాణం తీసింది. ఇంజన్ స్టార్ట్ కాగానే ముందు గాలిని లోపలికి పీలుస్తుంది కాబట్టి ముల్లు సున్నా నుంచి వెనక్కి పోవాలి. పోలేదు. రబ్బరు గొట్టం మార్చాడు. క్లిప్పులు మార్చాడు. గొట్టంలోకి గాలి కొట్టి సబ్బునీళ్లు పూసి చూస్తే ఎక్కడా బుడగ లేదు. గొట్టం పీకి వేలు పెడితే వేలిని లాగుతోంది. తిరిగి తగిలిస్తే ముల్లు చలించదు. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. వేళ్ల చర్మం ఊడింది. "నీ తల్లి!" అని స్పానర్ నేలకు కొట్టాడు.

పావు తక్కువ నాలుగుకు హోల్మ్ వచ్చాడు. వెనకే కాత్యాయని. నల్లకళ్లద్దాలు, సిల్కు చీర, షెడ్డంతా సెంటు. హోల్మ్ బానెట్ ఎత్తి, కంట్రోలర్ మరను తనే చివరిదాకా తిప్పేశాడు.

"గేజ్ చూడకుండ గింత ప్రెషర్ పెడితే ఇంజన్ పగుల్తది. సార్‌కు చెప్పుండ్రి మేడం."

"నీకెందుకయ్యా! కానివ్వు, టైమైంది."

"గేజ్ నడుస్తలేదు."

"నడవకపోతే పోనీ. బిగించెయ్."

వెంకటేశం చెయ్యి ఆగిపోయింది. ఈ నాలుగు నెలల్లో, స్కూటర్ ఇంకా ఇవ్వలేదని క్యాంపస్ జువాలజీ లెక్చరర్ మొదలుకుని, ఎంతమంది అతని మీద అరిచి పోయారో లెక్కలేదు. పనిచేయని సామాను అలాగే బిగించమన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. వీళ్లు ఇంకో సంగతి మరిచారు. తార్నాకలో చెడిపోయిన వస్తువును విప్పకుండా తిరిగివ్వడం మెకానిక్‌కు నామోషీ.

"రెండు నిమిషాలు మేడం," అంటూ గేజ్‌ను బల్ల మీద పెట్టి, అంచులో స్క్రూడ్రైవర్ దూర్చాడు.

"నో!" హోల్మ్ అరిచాడు.

అద్దం ఊడింది. ముల్లు వెనక దాన్ని కదిలించాల్సిన ఇత్తడి గొట్టం లేదు. చుట్ట చుట్టిన ఫిల్మ్ ఉంది.

కాత్యాయని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు బయటికొచ్చింది. "కదలకు వెంకటేశం. డిపార్ట్‌మెంటు మనిషే బిగించినదాన్ని ఎవరూ వెతకరనుకున్నాం. మీ చీఫ్ నమ్మినట్టు నువ్వూ నమ్మి ఉంటే బతికేవాడివి."

హోల్మ్ గేజ్ లాక్కుని కారెక్కాడు. ఇంజన్ గర్జనకు ఆమె కళ్లు అరక్షణం అటు తిరిగాయి. అంతే చాలు. వెంకటేశం గ్రీజు గన్ అందుకుని ఆమె కళ్లద్దాల మీద గ్రీజు చిమ్మాడు. గుండు రేకుల కప్పుకు తగిలింది. పిస్తోలు లాక్కుని, ఆమెను సామాన్ల గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టాడు.

బయట కారు లేదు. సైకిల్ ఎక్కి కసిగా తొక్కాడు. మెట్టుగూడ దారిలో ఫర్లాంగు పోయేసరికి ముందు ఎక్కడో ఢామ్మని పేలింది.

రోడ్డు మధ్య కారు తెల్లటి పొగ కక్కుతోంది. ఎంత ప్రెషర్ ఎక్కిందో చూపించాల్సిన గేజ్ హోల్మ్ జేబులో ఉంది. అతను టాక్సీ ఆపి ఒక కాలు లోపల పెట్టాడు. డ్రైవర్ గేరు వేశాడు. వెంకటేశం సైకిల్ వదిలేసి కాలర్ పట్టి ఒక్క గుంజు గుంజాడు.

పార్థసారథి గంట తర్వాత ఎయిర్‌పోర్టు నుంచి షెడ్డుకు వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఫిల్మ్ చూశాడు, గేజ్ చూశాడు.

"దీన్ని విప్పమని నీకు ఆర్డరిచ్చిందెవరు?"

వెంకటేశం చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు.

"సరే, రిపోర్టు రాసెయ్. షెడ్డు ఇవాళే మూసెయ్. రేపు బొంబాయిలో కొత్త మిషన్."

"మీరే పోండ్రి సార్. జువాలజీ సార్ స్కూటర్ నాలుగు నెలల సంది రేపు ఇస్త, రేపు ఇస్త అంటున్న. ఆయన చేతిల పడితే విదేశీ ముఠా నయం."