ముఖం లేని సిపాయి

పోయిన జూన్‌లో మా తిరుపతి కాలేజీ నుంచి పదకొండు మందిమి ఇటలీ వెళ్ళాం. పన్నెండు రోజుల చదువు ప్రయాణం. చరిత్ర చెప్పే నాగవేణి మేడం మమ్మల్ని మ్యూజియాలూ చర్చిలూ తిప్పి చూపించింది. పగలంతా నడక, సాయంత్రం బస్సులో నిద్ర. శ్రీకాళహస్తి కలంకారీ ఇంటి పిల్లను కదా, కనిపించిందల్లా పుస్తకంలో గీసుకునేదాన్ని. ఎక్కువగా గీసింది మాత్రం మా క్లాసు సునీల్‌కుమార్‌ని. కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోయేవాడు. గీస్తున్నానని అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

తొమ్మిదో రోజు కొండమీది ఒక చిన్న ఊరికి వెళ్ళాం. అక్కడి చర్చిలో గోడ నిండా ఒకటే బొమ్మ. ఐదువందల ఏళ్ళ కిందట డబ్బుకు యుద్ధం చేసే కూలిసైన్యం ఆ ఊరిమీద పడి జనాన్ని నరికిన రోజు. నడిమధ్యన చెయ్యెత్తి నిలబడ్డ సిపాయి. అతనికి ముఖం లేదు. ఆ మేరకు సున్నం గీరేసి ఉంది.

"తడికి రాలిపోయిందా మేడం?" అన్నాను.

చర్చి చూసుకునే ముసలామె నావైపు చూసి ఏదో చెప్పింది. మేడం తెలుగులో చెప్పింది. "ఊరివాళ్ళే గీరేశారంట. తర్వాత ఎప్పుడో ఒక చిత్రకారుడు మళ్ళీ ముఖం వేశాడంట. ఊళ్ళో రక్తం పారింది, మళ్ళీ గీరేశారు. ఇంకో వందేళ్ళకు ఇంకొకడు వేశాడు. అప్పుడూ అంతే. ఇక ఎవరూ ముట్టుకోలేదు."

సునీల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పోదాం రా లోహితా. ఈడ ఊపిరాడ్డం లేదు."

తిరిగి వచ్చాక కాలేజీలో ప్రదర్శన పెట్టారు. చూసొచ్చిన వాటిలో ఒకదాన్ని ఎవరికి వచ్చిన పద్ధతిలో వాళ్ళు వెయ్యాలి. నేను ఆ గోడను ఎంచుకున్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? అంతమంది చస్తున్న బొమ్మ నా కళ్ళలోంచి పోలేదు. మూడు వారాల్లో కలంకారీ గుడ్డమీద గుర్రాలూ మంటలూ శవాలూ అన్నీ అయిపోయాయి. ముఖం ఒక్కటే మిగిలింది.

"ముఖం లేని బొమ్మ ఇంట్లో ఉండగూడదమ్మా" అన్నాడు మా నాయన గోవిందస్వామి. "ఎవురిదో ఒకరిది పెట్టి పూర్తి సెయ్యి."

ముసలామె చెప్పింది చెప్పాను. నాయన నవ్వాడు. "అది వాళ్ళ గోడ. ఇది మన గుడ్డ."

ఆదివారం మధ్యాహ్నం. వాన. కరెంటు పోయింది. ఇంటి వెనక రేకుల కొట్టంలో నాయన పక్కన గుడ్డ పరుచుకుని కూర్చున్నాను. గుడ్డకు పట్టించిన పాల వాసన, కరక్కాయ వాసన, బెల్లంలో ఇనుపముక్కలు పులిసిన నల్లరంగు వాసన. ఆ నలుపు ఒకసారి గుడ్డకు పట్టిందంటే పోదు. కలం ముంచాను. చూడకుండా వెయ్యగలిగిన ముఖం నాకు ఒక్కటే తెలుసు.

రెండో కన్ను పెట్టగానే వాన చప్పుడు ఆగింది.

రేకుల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చప్పుడే లేదు. పాల వాసన పోయి, వెంట్రుకలు కాలుతున్న వాసన...

గుమ్మంలో సునీల్ నిలబడి ఉన్నాడు. బొమ్మ చూడ్డానికి వస్తానని పొద్దున ఫోన్ చేశాడు.

"రాప్పా, బాగా తడిసిపోయినావే. ఉండు, తువ్వాలు తెస్తా" అని నాయన లేచాడు.

సునీల్ లోపలికి వచ్చాడు. రంగులు కాచే పొయ్యి పక్కన కట్టెలు కొట్టే మచ్చుకత్తి ఉంది. వంగి తీసుకున్నాడు.

మొదటి దెబ్బ నాయన భుజంమీద పడింది. పచ్చికొమ్మ విరిగినట్టు చప్పుడు. రెండో దెబ్బకు నాయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళు తెగి రంగుకుండలో పడ్డాయి. రక్తం గుడ్డమీద చిమ్మింది. నాయన గోడవారగా జారిపోయాడు.

"సునీల్!"

అతను నావైపు తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు. చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేస్తోంది.

"నేను కాదు లోహితా..." గొణిగాడు. "పట్టుకో... నా చెయ్యి పట్టుకో..."

పట్టుకున్నాను. ఇనుప కడ్డీలా ఉంది. ఒక్క విసురుకు నన్ను గుడ్డమీదికి తోసేశాడు. చెంబెడు నీళ్ళు ఆ ముఖంమీద కుమ్మరించి అరచేత్తో రుద్దాను. పోలేదు. ఇంకా నల్లబడింది. గుడ్డ కోసే బ్లేడు చేతికి తగిలింది. గీసిన చెంప పక్కన కోత పెట్టాను.

వెనక కేక.

తిరిగి చూశాను. సునీల్ చెంపమీద ఎర్రటి గీత. కోత పెట్టిన చోటే.

నాయన మెడమీదికి కత్తి లేచి ఉంది. నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆపలేదు. చెంప కిందుగా... గడ్డం... రెండో చెంప... నుదురు. అతను అరుస్తున్నంతసేపూ కోశాను. నా పేరే అరిచాడు. చివరి దారం తెగేసరికి కత్తి కింద పడింది. సునీల్ మోకాళ్ళమీద కూలాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ధారగా రక్తం.

నా చేతిలో గుడ్డముక్క వెచ్చగా ఉంది.

వాన చప్పుడు మళ్ళీ మొదలైంది.

పోలీసులు వచ్చేలోపు ఆ ముక్కనూ గుడ్డనూ పొయ్యిలో కాల్చేశాను. పిచ్చెక్కి తన ముఖం తనే కోసుకున్నాడని వాళ్ళు రాసుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. నాయన బతికాడు. ఆ కుడిచేత్తో ఇక కలం పట్టలేడు. ఏం జరిగిందని ఇంతవరకూ నన్ను అడగలేదు.

సునీల్‌ని తిరుపతి ఆసుపత్రిలో మంచానికి సంకెల వేసి ఉంచారు. పద్దెనిమిదో రోజు కట్టు విప్పుతారని తెలిసి వెళ్ళాను. గది బయట ఒక కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. అతని వెనకే సునీల్ వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ వచ్చింది.

"మానిందా అమ్మా?" అన్నాను.

"మానింది. మచ్చ గూడా లేదు." నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అంది. "ముఖం బాగుండాది లోహితా... ఎవురిదో నాకు తెలీదు."

ఆమె వెనక తలుపు మూసుకుంది.

"లోహితా..." సునీల్ గొంతే. మంచం దగ్గర నుంచి కాదు. తలుపుకు ఆ పక్క నుంచి, చెక్కకు పెదవులు ఆనించినట్టు.

కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. సంకెల ఎవరూ విప్పలేదు, తాళంచెవి అతని చేతిలోనే ఉంది.