గొంతొక దిక్కు, డ్రమ్మొక దిక్కు

"ఏమమ్మా, మీ సెట్టు పాటను సగం మింగినట్టుండాదే" అన్నాడు బజారి.

అనకూడని వేళ అన్నాడు. కౌతాళంలో పెళ్లి, అప్పగింతల సమయం. పెళ్లికూతురు భీమమ్మ తల్లి భుజాన్ని వదలడం లేదు. ఆడవాళ్లంతా కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఆ మాటతో అంతమందీ తలలు తిప్పి ఉరుకుందమ్మ వైపు చూశారు.

ఉరుకుందమ్మ ఆడపెళ్లివారి మైకుసెట్టు మనిషి. ఎమ్మిగనూరు బస్టాండు వెనక ఆమె తండ్రి సుంకప్పకు మైకుసెట్టు అంగడి ఉంది. ఆయనకు మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి నిచ్చెన ఎక్కి హారను కట్టడం దగ్గర్నుంచి రికార్డు తిప్పడం దాకా అన్నీ ఆమే. బజారి మగపెళ్లివారు ఆదోని నుంచి తెచ్చుకున్న మైకుసెట్టు మనిషి. ఒక పెళ్లికి రెండు సెట్లెందుకంటే, మగపెళ్లివారు సెట్టు తెస్తున్నారని తెలిసి భీమమ్మ తండ్రి తిక్కయ్య, మేమేం తక్కువా అని ఇంకొకటి పిలిపించాడు. పందిరికి ఆ కొసన వాళ్ల హారను, ఈ కొసన వీళ్ల హారను. పొద్దున్నుంచీ వంతులు వేసుకొని పాడిస్తున్నారు.

ఇంతకూ ఆమె వేసిందేమిటి? ఒక ఇంగ్లీషు రికార్డు. బళ్లారి నుంచి పాత రికార్డుల మూట తెచ్చి అమ్మేవాడి దగ్గర కొన్నది. అట్ట మీద జులపాల జుట్టు మగవాళ్లు నలుగురు గోడకు ఆనుకొని నిలబడి ఉంటారు. ఏ పాటో, ఏ దేశపు వాళ్లో ఆమెకు తెలియదు. అందులో ఉన్నది ఒక్క మగ గొంతు. తబలా లేదు, హార్మోనియం లేదు. పాడేముందు అతను ఊపిరి పీల్చుకోవడం వినపడుతుంది. ఒకచోట కుర్చీ కదిలిన చప్పుడు. నడుమ చాలాసేపు ఎవరి కోసమో ఆగినట్టు ఊరుకొని, మళ్లీ అందుకుంటాడు.

అప్పగింతలకు ఇంతకు మించిన పాట లేదని ఉరుకుందమ్మ కనిపెట్టింది. అర్థం కాకపోయినా జనం ఏడ్చేవారు. చర్చి దావీదు అది దేవుని పాటేనని క్రిస్మసుకు ఆమె సెట్టులోనే అడిగి వేయించుకున్నాడు కూడా. కౌతాళంలో ఆ గొంతు లేవగానే అరుగు మీది ముసలవ్వ ఒకామె "పాప, యారు సత్తరో" అని కన్నడంలో నిట్టూర్చి, ఎవరు పోయారోనని పక్కవాళ్లను వాకబు చేసింది.

సరిగ్గా గొంతు ఆగిన ఆ నడిమి చోటే బజారి నోరు తెరిచాడు.

"మింగేకి ఇదేమన్నా సంగటా అప్పా? పాటే ఇట్లుంటాది" అంది ఉరుకుందమ్మ.

"ఇదే రికార్డు నాతావ ఉండాది. ఇదే అట్ట, ఇదే బొమ్మ. దాంట్లో పాడేవాడే లేడు. అంతా డ్రమ్ములు, గిటారే. ఊరికే అబద్ధాలు సెప్పొద్దు."

అని ఊరుకున్నాడా? లేదు. తన రికార్డు తీసి తన సెట్టులో వేశాడు. దడదడమని డ్రమ్ములు. ఆదోనిలో పెళ్లికొడుకు మెరవణికి అతను వేసేది ఇదేనట. పెళ్లికొడుకు స్నేహితులు టవళ్లు తిప్పుతూ ఎగరడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకడు ఎమ్మిగనూరు సెట్టు చచ్చిందిరో అని అరిచాడు. భీమమ్మ ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడిపోయింది. తిక్కయ్య ముఖం నల్లబడింది.

చెప్పండి, ఇది న్యాయమేనా? పుట్టింటి గడప దాటే పిల్లను తనివితీరా ఏడవనివ్వనిది అతను. మాట పడింది ఈమె.

అంతటితో పోలేదు. తిక్కయ్య మరునాడే సుంకప్పకు కబురు పంపాడు. చెడిపోయిన సెట్టు పంపి నా పరువు తీశావు, పైగా నీ కూతురు నలుగురిలో దబాయించి అబద్ధమాడింది, ఆడపిల్లను మైకు కాడ కూర్చోబెడితే ఇంతే అన్నాడు. సుంకప్ప ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆషాఢంలో ఎట్లాగూ పెళ్లిళ్లుండవు, శ్రావణం వచ్చేలోగా సెట్టు అమ్మేద్దాం, నీకూ సంబంధం చూస్తాను అని తేల్చేశాడు.

"సెట్టు బాగుండాది అని రుజువు చేస్తే?" అంది ఉరుకుందమ్మ.

చెయ్యి చూద్దాం అన్నాడు సుంకప్ప, నమ్మకం లేని గొంతుతో. తండ్రి కూడా నమ్మలేదన్నదే ఆమెకు ఎక్కువ మండింది. ఆ సెట్టులో ఆమె చెయ్యి పడని వైరు లేదు. అది పోతే ఆమెకు మిగిలేది అబద్ధాలకోరు అన్న పేరు ఒక్కటే.

రికార్డును కొంగు కింద పెట్టుకొని ఆదోని బస్సెక్కింది. దిగేసరికి సన్నగా వాన. తాను తడిసినా సరే, అట్ట తడవకూడదని చేతులు రెండూ అడ్డం పెట్టుకొని పత్తి మార్కెట్టు దాకా నడిచింది. బజారి అంగడి ముందు నిలబడేసరికి జడ కొస నుంచి నీళ్లు కారుతున్నాయి.

బజారి లేచి నిలబడ్డాడు. తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాడు. టీ తెప్పిస్తానన్నాడు. ఆమె తువ్వాలుతో రికార్డు తుడిచి తువ్వాలు అతనికే ఇచ్చేసింది.

"నీ టీ తాగేకి రాలే. నా రికార్డు నీ సెట్టులో ఎయ్యి. గొంతు ఉండాదో లేదో నీ చెవులతోనే ఇను."

వేశాడు. దడదడమని డ్రమ్ములు. గిటారు. గొంతు లేదు.

ఉరుకుందమ్మ ముల్లు ఎత్తించి రికార్డును చేతిలోకి తీసుకొని చూసింది. అంచున చిన్న పగులు ఉంది. తనదే. రోజూ తనతో మాట్లాడే మనిషి ఇంట్లోంచి మాయమైనట్టు అనిపించింది ఆమెకు. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది.

"నా పాటలో మనిషిని ఏం చేసినావు?" అంది.

బజారి నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ రికార్డు అతని నెత్తిన పగిలేదే. కౌతాళం నుంచి వచ్చినప్పటి నుంచీ ఆ గొంతు తన చెవిలోంచి పోవడం లేదని మెల్లగా ఒప్పుకున్నాడు. తన రికార్డులో గిటారు ఉన్నట్టుండి చిన్నదైపోతుందట, ఎవరికో దారి ఇస్తున్నట్టు. ఎవరికో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు. డ్రమ్ము వాయించేవాడి కాలి కింద ఏదో కీచుమంటుందని, చెవి పెట్టి వినమని మళ్లీ వేశాడు.

వినకూడదనుకుంటూనే వింది. నిజమే, ప్రతి దెబ్బ కిందా సన్నగా కీచుమంటోంది. ఎవరో మనిషి నిజంగా అక్కడ కూర్చొని, చెమట పట్టి వాయిస్తున్నట్టుంది. ఆమెకు నచ్చింది. శత్రువు సెట్టులో పాట నచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"నీ రికార్డు తీసుకో. మా ఊరికి రా" అంది.

అంగడికి తాళం వేసి వచ్చేశాడు. బస్సులో ఆమె ముందు నిలబడింది, అతను వెనక. ఇద్దరూ ఒకటేనా అని కండక్టరు అడిగితే ఆమె కాదంది, అతను ఔనన్నాడు. ఎమ్మిగనూరు వచ్చేదాకా ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే అతను చూస్తుంటాడని తెలుసు.

సుంకప్ప అంగడిలో ఆమె సెట్టు మీద బజారి రికార్డు తిరిగింది. డ్రమ్ములు లేవు. గొంతు ఒక్కటే లేచింది.

బజారి బల్ల పక్కన కూర్చున్నాడు. గొంతు ఆగిన నడిమి చోటు రాగానే అతని వేళ్లు బల్ల మీద కదిలాయి. ఏడాదిగా తాను విన్న గిటారునూ డ్రమ్మునూ గుర్తుపెట్టుకొని ఆ ఖాళీలో వాయిస్తున్నాడు. వేళ్లు ఎక్కడ నెమ్మదించాయో సరిగ్గా అక్కడే గొంతు మళ్లీ అందుకుంది. ఉరుకుందమ్మ ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. అతను తలెత్తితే చూపు తిప్పుకోవడం మరిచిపోయింది.

"నువ్వు అబద్ధం సెప్పలే. నేనూ సెప్పలే" అన్నాడు బజారి.

ఆమె స్క్రూడ్రైవరు తీసి, సెట్టులో ఇన్నాళ్లూ తాను ముట్టని ఒకే ఒక్కటి, ముల్లు ఉండే తల, విప్పింది. లోపల నుంచి రెండు జతల వైర్లు వస్తున్నాయి. ఒక జతను అతికి, రెండో జతను కత్తిరించి టేపు చుట్టేశారు. తన దాంట్లో కూడా టేపు చుట్టిన వైరు ఉందని, ఎక్కువైందేమో అనుకున్నానని బజారి అన్నాడు. ఇద్దరి సెట్లకూ కొత్త తల బిగించింది బళ్లారిలో ఒకడే మెకానిక్కు. ఇటువంటి రికార్డులో పాట రెండు పాయలుగా ఉంటుంది, గొంతు ఒక పక్క, వాద్యాలు ఒక పక్క. మైకుసెట్టు ఆంప్లిఫయరుకు ఉన్నది ఒకటే నోరు. ఆ మహానుభావుడు చేతికి ఏ జత దొరికితే దాన్ని అతికి పంపాడు. సినిమా పాటలు రెండు పాయల్లోనూ ఒకేలా ఉండబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

ఇద్దరూ కలిసి ఆ మెకానిక్కును చాలాసేపు తిట్టారు. వాళ్లిద్దరికీ మాట కలిసింది అదే మొదలు.

"సరే. మీ నాయనకు నేను సెప్తా, సెట్టుది తప్పు గాదు అని" అన్నాడు బజారి.

ఉరుకుందమ్మకు మళ్లీ మంట రేగింది. "మా నాయనకు సెప్తే సరిపాయనా? నలుగుర్లో అబద్ధం అంటివి. ఆ నలుగుర్లోనే ఒప్పుకోవల్ల."

ఒప్పుకుంటానన్నాడు.

ఆషాఢంలో భీమమ్మ పుట్టింటికి వచ్చిందని తెలిసి, రెండు సెట్లూ బస్సు మీదికెక్కించి కౌతాళం పోయారు. సుంకప్ప మోకాళ్లు పట్టుకొని తానూ వచ్చాడు. తిక్కయ్య వాకిట్లోనే అడ్డం నిలబడి, మళ్లీ ఆ చచ్చిన సెట్టేనా అన్నాడు. భీమమ్మ లోపల నుంచి వచ్చి, పెట్టనీ నాయనా, ఆ పొద్దు నన్ను ఏడవనీయకుండా చేసిన పాట ఏందో నేనూ ఇంటాను అంది.

వాకిలికి ఆ కొసన బజారి హారను, ఈ కొసన ఉరుకుందమ్మ హారను. నడుమ ఒకే రికార్డు. ఒక జత వైర్లు అతని ఆంప్లిఫయరుకు, ఇంకొక జత ఆమె ఆంప్లిఫయరుకు. ఆమే ముల్లు దించింది.

ఆ కొస నుంచి డ్రమ్ము నడిచింది. ఈ కొస నుంచి గొంతు లేచింది. అరుగు మీద ఎవరు కూర్చుంటే వాళ్లకు ఒకటే పెద్దగా వినపడుతోంది. వాకిలి నడుమ నిలబడ్డ భీమమ్మకు మాత్రం పాట మొత్తం వినపడింది. ఆమె చెయ్యి ఊపి అందరినీ నడిమికి పిలిచింది. తిక్కయ్య కూడా వచ్చాడు. గొంతు ఆగింది. ఆ ఆగిన చోట గిటారు గట్టిగా అందుకొని, ఎక్కడెక్కడో తిరిగి, మెల్లగా తగ్గి దారి ఇచ్చింది. పాడేవాడు ఇన్నాళ్లూ ఎవరి కోసం ఆగాడో ఉరుకుందమ్మకు అప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. భీమమ్మ ఆమె చెయ్యి పట్టుకొని తానూ ఏడ్చింది, ఈసారి ఎవరూ టవళ్లు తిప్పలేదు.

పాట అయ్యాక బజారి ఆమె సెట్టు మైకు చేతిలోకి తీసుకున్నాడు.

"కౌతాళం పెద్దలకు నమస్కారం. ఆ పొద్దు పెండ్లిలో సుంకప్పగారి సెట్టు చెడిపోయిందంటిని. ఉరుకుందమ్మ అబద్ధం సెప్పిందంటిని. సెట్టు చెడలే. ఆమె సెప్పింది నిజమే. సగం ఇని మొత్తం తెలిసినట్టు వాగింది నేను. తప్పు నాది."

ఊరంతా వినపడింది. తిక్కయ్య సుంకప్ప పక్కన కూర్చొని, నేనూ తొందరపడితినన్నా అన్నాడు. ఈ బజారి తల్లి గోనెగండ్లలో మనవాళ్ల ఆడబిడ్డేనని, పిల్లవాడు నోటి దురుసే గానీ మంచివాడని మెల్లగా చెవిలో వేశాడు. సుంకప్ప కూతురి వైపు చూశాడు.

బజారి మైకు వదల్లేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక మాట ఉండాది..."

ఉరుకుందమ్మ టక్కున స్విచ్చి కట్టేసింది. హారను మూగబోయింది. అతని చేతిలో మైకు ఉత్తదైపోయింది.

"ఊరికి సెప్పేది అయిపాయ" అంది ఆమె. "ఆ మాట నాకు సెప్పు."

హారను లేకపోతే బజారి గొంతు చాలా చిన్నది. "నన్ను పెండ్లి చేసుకుంటావా?" అన్నాడు.

"ఇంత గొంతేనా నీది? ఇది అడిగేకి నా మైకు కావల్సొచ్చిందా? బస్సులో వెనక నిలబడి వీపు చూస్తాంటివే, అప్పుడు అడగరాదా? నా సెట్టు అమ్మకానికి వచ్చేదాకా, నేను వానలో తడిసి వచ్చేదాకా నోరు లేదా నీకు?"

బజారి సంతోషంగా తిట్లు తింటూ నిలబడ్డాడు.

అరుగు మీద నుంచి సుంకప్ప దగ్గాడు. వైర్లు చుట్టబోతున్న కూతురిని చూస్తూ, తిక్కయ్యతో కావాలనే గట్టిగా అన్నాడు. "సెట్టు ఎట్లాగూ అమ్మేస్తాండాం. మా పిల్ల పెండ్లికి ఎవురి మైకుసెట్టు పిలిపిద్దాం అన్నా?"

ఉరుకుందమ్మ చేతిలో వైరు కింద పడేసి లేచింది.

"మా పెండ్లికి ఇంకొకరి సెట్టేంటికి నాయనా? మా రెండు సెట్లూ సచ్చినాయా?" అని కయ్యిమంది.

అన్నాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు.