కాటా మీద ఇద్దరు

విమానం ఎక్కేముందు మనుషుల్ని కాటా ఎక్కించి తూచే చోట సిగ్గుపడి లాభం లేదు. దీవుల మధ్య తిరిగేవన్నీ చిన్న విమానాలు. ఎంత బరువు మోస్తున్నాడో పైలట్‌కి తెలియాలి. అందుకని ఎంత పెద్దమనిషైనా సంచీ చేత పట్టుకుని, పెండలం బస్తాలు తూచే పాత కాటా మీద నిలబడాల్సిందే. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి ఊరందరికీ వినపడేలా అరవడం టికెట్లమ్మ పని. నవ్వడం వరసలో ఉన్నవాళ్ళ పని.

ఆ నవ్వుల్లో పెద్ద నవ్వు లోపెటిది. రేకుల షెడ్డు కింద అతను నవ్వితే పైన పడుకున్న పిల్లి దూకి పారిపోయేది. టోంగా దీవులన్నిటికీ కళ్ళజోళ్ళు మోసుకెళ్ళి అమ్మే మనిషి అతను. నెలలో సగం రోజులు గాల్లో, మిగతా సగం గాలి తగ్గాలని ఎదురుచూస్తూ. సరుకు దూదిలా తేలిక. మనిషి మాత్రం నిండుగా ఉంటాడు.

"ఆ పెట్టెని విమానంలో పంపి నువ్వు ఈదుకుంటూ పోరాదూ?" అనేది చివరి దీవిలో టికెట్లిచ్చే కలోలైనె. ఉత్తరాన అందరికన్నా దూరంగా విసిరేసినట్టుండే దీవి కాబట్టి అందరూ దాన్ని చివరి దీవి అనే అంటారు.

"ఈదుతాను గానీ అక్కా, నన్ను చూసి తిమింగలాలు సంబంధం మాట్లాడుకోడానికి వస్తాయేమోనని భయం," అనేవాడు లోపెటి.

అతని తిరుగుళ్ళ కథలు చెప్పుకుని అందరూ పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఒకసారి పాస్టరుగారి పెట్టె, లోపెటి పెట్టె తారుమారయ్యాయి. పాస్టరుగారు ప్రసంగానికి లేచి పెట్టె తెరిస్తే లోపల వంద కళ్ళజోళ్ళు. ఆయన గాభరాపడి ఒకటి పెట్టుకుని చూసి, ముందు వరసలో కునికే వాళ్ళు ఇప్పుడు బాగా కనపడుతున్నారు అన్నాడట. ఇంకోసారి అతని సంచీ ఏ దీవికి పోయిందో తెలియదు గానీ, దాని బదులు బతికున్న పీతల గోనె ఒకటి వచ్చింది. ఆ రాత్రి అతను మంచం మీద, పీతలు మంచం కింద.

ఈ కథలన్నీ అతను మొదట చెప్పేది ఇంట్లో, కూతురు లూపేకి. రాజధాని నుకుఅలోఫాలో ఇల్లు, భార్య ఫాతాయ్, ఏడేళ్ళ లూపే. ప్రతి ప్రయాణానికీ ఆ పిల్ల విమానాలు ఎక్కే చోటి దాకా వచ్చి, నాన్నతోపాటు కాటా ఎక్కి, అతని కుడికాలు వాటేసుకుని నిలబడేది. ముల్లు ఇంకాస్త కదిలితే ఆ పిల్ల మొహం వెలిగిపోయేది.

"నన్నూ తీసుకుపో నాన్నా."

"ఇంకొంచెం బరువెక్కు తల్లీ. నీ అంత తేలికైన వాళ్ళని విమానం లెక్కలోకి తీసుకోదు."

బరువెక్కాలని ఆ పిల్ల రాత్రిపూట చేమదుంప ఇంకో ముక్క అడిగి తినేది. ఫాతాయ్ ఈ సంగతి తర్వాతెప్పుడో చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని లోపెటి అనుకున్నాడు.

ఒక శనివారం చివరి దీవిలో విమానం బరువు మించింది. ఒకరు దిగాలి. మర్నాడు ఆదివారం. ఆదివారం ఆ దేశంలో విమానం ఎగరదు, దుకాణం తెరవదు. పాటలు, ప్రార్థన, విందు, నిద్ర, అంతే. లోపెటి అందరికన్నా ముందు కాటా మీంచి దూకేశాడు. "నేనుంటాలే! రేపు మా కలోలైనె అక్క ఇంట్లో పందిమాంసం తిని సోమవారం పోతాను. అప్పుడు తూచండి నన్ను!" అని పెద్దగా నవ్వాడు. షెడ్డంతా నవ్వింది. పిల్లి దూకి పారిపోయింది.

ఆ రాత్రే ఇంట్లో లూపేకి ఉన్నట్టుండి జ్వరం వచ్చి ముదిరింది. తెల్లవారకముందే పోయింది. నాన్న విమానం వచ్చిందా అని చివరిదాకా అడుగుతూనే ఉందట. కబురు తెలిశాక ఆదివారమంతా లోపెటి విమానం దిగే గడ్డిలో, ఖాళీ ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాడు. కలోలైనె తెచ్చిన అన్నం పక్కనే చల్లారిపోయింది.

ఆ రోజు నుంచి అతను నవ్వలేదు.

కానీ పొట్ట ఊరుకోదు. కొన్ని వారాలకి నల్లబట్టలు కట్టి, నడుముకి మైల చాప చుట్టుకుని మళ్ళీ బయల్దేరాడు. కాటా ఎక్కాడు. టికెట్లమ్మ బరువు చదివి, అరవకుండా మెల్లగా చెప్పింది. ఎక్కువుంది. "చాప బరువులే అన్నా," అంది. చావు జరిగిన ఇంటివాళ్ళు కట్టుకునే ఆ ముతక చాప బరువే మరి. అక్కడ ఎవరైనా అదే అంటారు. లోపెటీ అదే అనుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో చివరి దీవిలోనూ ముల్లు అక్కడే ఆగింది. అతను చాప విప్పి కలోలైనె చేతికిచ్చాడు. ముల్లు కాస్త తగ్గి ఆగిపోయింది. ఇంకా ఎక్కువే. కలోలైనె గాజు మీద వేలితో కొట్టింది. "తుప్పు పట్టి చచ్చింది ముండది," అంది.

అప్పుడు తెలిసింది లోపెటికి. కుడి మోకాలి దగ్గర వెచ్చగా ఉంది. లుంగీ బట్ట ఎవరో పిడికిట పట్టుకున్నట్టు లాగుతోంది. పూలు వేసి కాచిన కొబ్బరినూనె వాసన. లూపే తల వాసన. అతని వీపు మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. విమానంలో కూర్చున్నాక ఆ భయమంతా ఏడుపైపోయింది. కిటికీ పక్క చోటు వదిలి, ఒదిగి కూర్చున్నాడు.

"అదిగో తల్లీ... కిందది పగడపు దిబ్బ," అని గొణిగాడు.

అలా నెలలు గడిచాయి. ఎక్కినప్పుడల్లా ముల్లు వెంట్రుకవాసి ముందుకు జరిగేది. పిల్ల పెరుగుతోంది అనుకునేవాడు. ఆ ఒక్క బరువు కోసమే అక్కర్లేని దీవులకి కూడా ప్రయాణాలు పెట్టుకునేవాడు. ఫాతాయ్‌తో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏమంటుందో అని భయం. ఫాతాయ్ మాత్రం అతను ప్రయాణం నుంచి వచ్చినప్పుడల్లా తలుపు తీసి, అతను లోపలికి వచ్చాక కూడా ఇంకో క్షణం తలుపు అలాగే పట్టుకుని నిలబడేది. తర్వాత మెల్లగా మూసేది. దుఃఖంలో మనిషి అలాగే పరధ్యానంగా ఉంటుందిలే అనుకునేవాడు.

మైల తీరే ఆదివారం దగ్గరికొచ్చింది. బయల్దేరే ముందు ఫాతాయ్ అతని సంచీ సర్దుతూ, తల ఎత్తకుండా అంది:

"చర్చిలో ఇద్దరం కలిసి నిలబడి నల్లబట్టలు విప్పాలి. లూపే పోయిన ఆదివారంలా ఒంటరిగా నిలబడే ఓపిక నాకు లేదు. ఈసారి కూడా రాలేదనుకో, ఇంక రానే రావద్దు. అక్కడే ఉండిపో."

"వస్తానే. శనివారం విమానానికి వచ్చేస్తాను. ఒట్టు."

శనివారం చివరి దీవిలో ఆకాశం బూడిద రంగులో ఉంది. గడ్డిలోంచి పందుల్ని తరిమారు. విమానం దిగింది. అందరినీ తూచడం అయిపోయాక, కొండ వెనక పల్లె నుంచి ఒక తల్లి పరుగెత్తుకొచ్చింది. చంకలో పిల్లవాడు. మెడ వాల్చేశాడు. ఒళ్ళు పేలిపోతోంది.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది నర్సమ్మ," అంది ఆయాసపడుతూ.

చోటుంది గానీ బరువు మించింది. పైలట్ మబ్బులకేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. అందరూ సంచులు దించేశారు. పెండలం గోనె దించేశారు. లోపెటి తన కళ్ళజోళ్ళ పెట్టె దించాడు, చాప విప్పాడు, చెప్పులు విడిచి మళ్ళీ కాటా ఎక్కాడు.

"కలోలైనె ఇంట్లో పొద్దున తిన్నది కూడా దించరా లోపెటీ!" అన్నాడెవరో ముసలాయన. ఎవరూ నవ్వలేదు.

కలోలైనె మళ్ళీ కూడింది. "ఇంకా కాస్త ఎక్కువే. ఎంతో కాదు..." అని ఆగింది. "ఒక చిన్నపిల్ల బరువు."

లోపెటి కాటా మీదే ఉన్నాడు. కాలి దగ్గర వెచ్చగా ఉంది. తను దిగిపోతే చాలు, ఇద్దరూ ఇక్కడే ఉండిపోవచ్చు. రేపు చర్చిలో ఫాతాయ్ ఒక్కతే నిలబడుతుంది. ఆ తర్వాత ఇంటి తలుపు తెరుచుకోదు. ఆ మాట ఆమె ఊరికే అనలేదని అతనికి తెలుసు. ఎదురుగా జ్వరం పిల్లవాడు మూలుగుతున్నాడు.

కాలు దులుపుకునేవాడిలా వంగాడు.

"లూపే... మా అమ్మవి కదా... కాస్త దిగు. సోమవారం పొద్దున్నే వచ్చేస్తా. కలోలైనె అత్త ఉందిగా..."

లుంగీ మీద పట్టు బిగిసింది. ఇంకా బిగిసింది.

"ఆ తమ్ముడికి జ్వరంరా. నీకొచ్చినట్టే. ఒక్క ఆదివారమే తల్లీ... ఒక్కటే."

రేకుల మీద గాలి.

పట్టు వదిలింది. ఒక్కొక్క వేలే.

ముల్లు వెనక్కి జరిగింది. కలోలైనె నోట్లో నములుతున్నది ఆపేసింది. అతని మొహంలోకి చూసింది. లోపెటి వెనక్కి తిరగకుండా విమానం దాకా నడిచాడు. దారి పొడుగునా కుడికాలు చల్లగా ఉంది.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. వాన మొదలైంది. ఫాతాయ్ తలుపు తీసింది. అతన్ని చూసి ఆమె కళ్ళు నిండాయి. "వచ్చావు," అంది.

అతను లోపలికి వచ్చాడు. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

నిలబడే ఉంది.

వాన జల్లు లోపలికి కొడుతోంది. ఆమె బయటికి వంగి, చీకట్లోకి, మెట్ల మీదకి చూసింది. మెల్లగా తిరిగింది.

"ఒక్కడివే వచ్చావా?"

లోపెటి ఆమె వైపు తిరిగాడు. "నీకు... తెలుసా?"

"కన్నదాన్ని, నాకు తెలియదా? నువ్వు తిరిగొచ్చిన ప్రతిసారీ నా పక్కనుంచి దూరి లోపలికి వచ్చేది. నూనె వాసన. నువ్వు చెప్తావని చూశాను." "ఎక్కడ వదిలేశావు దాన్ని? ఆదివారం ముందు రోజు... మళ్ళీ?"

అతను జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. కలోలైనె. గుసగుసగా మాట్లాడుతోంది. వెనక వాన హోరు.

"లోపెటీ... షెడ్డుకి తాళం వేద్దామని వచ్చాను. కాటా మీద ఎవరూ లేరు. ముల్లు సున్నా మీద లేదు."

"ఎంత ఉందక్కా?"

"ఇందాక నీ బరువులోంచి తగ్గినంత. నాకు భయంగా ఉంది నాయనా. ఇక్కడేదో పూల నూనె వాసన..."

అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఫోను ఫాతాయ్‌కీ వినపడేలా పెట్టాడు. ఫాతాయ్ దగ్గరికి వచ్చింది.

"అక్కా, భయపడకు. మా లూపే అది. నువ్వు వెళ్ళిపోకు. నాన్న సోమవారం వస్తాడని చెప్పు దానికి."

కలోలైనె గొంతు మెత్తబడింది. "లూపే... బంగారూ... నాన్న వస్తాడమ్మా. అంతదాకా మా ఇంటికి పోదాం, రా..." అంది. "ముల్లు కాస్త ఊగింది లోపెటీ. వింటోంది."

ఫాతాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎన్నో నెలల తర్వాత పట్టుకుంది.

"లోపెటీ..."

"ఏంటక్కా?"

"ముల్లు... ముందుకు జరుగుతోంది."

"అంటే?"

"పైకి పోతోంది... గబగబా... దాని పక్కన ఇంకెవరో ఎక్కారు."

"ఎవరు? ఎవరున్నారక్కా అక్కడ?"

"ఎవరూ లేరు! ఆగింది... ఆగిపోయింది ముల్లు." ఆమె పళ్ళు టకటకా కొట్టుకోవడం వినపడుతోంది. "నీ బరువు నాకు తెలియదా నాయనా, ఇన్నేళ్ళు అరిచి చెప్పినదాన్ని... అది నీ బరువే. మీరిద్దరూ కలిసి ఎక్కితే ఎక్కడ ఆగుతుందో... అక్కడే ఆగింది."

"లూపే!" అని అరిచాడు లోపెటి. "నేను కాదమ్మా! వాడితో వెళ్ళకు! నేను ఇక్కడున్నాను!"

వాన హోరు ఒక్కసారి తగ్గినట్టయింది. ఆ షెడ్డులోంచి, దూరంగా, ఒక నవ్వు వినిపించింది. పెద్ద నవ్వు. రేకులు అదిరే నవ్వు. లూపే పోవడానికి ముందు, ఆ శనివారం నాడు కాటా మీంచి దూకి, నేనుంటాలే అన్నవాడి నవ్వు. ఆ వెంటనే, సన్నగా, సంతోషంగా, ఒక పిల్ల నవ్వు.

"సున్నాకి వచ్చేసింది," అంది కలోలైనె. "దిగిపోయారు."

ఫోన్ కట్ అయింది.

ఫాతాయ్ ఫోను వైపు చూసింది. ఆ నవ్వు ఎవరిదో ఆమెకి తెలుసు. పదేళ్ళు ఆ నవ్వుతో కాపురం చేసింది. తర్వాత తల ఎత్తి, ఎదురుగా నల్లబట్టల్లో నిలబడ్డ మనిషిని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. ఆ నవ్వు అక్కడుంటే, ఇక్కడున్నది ఎవరు? పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఒక్కొక్క వేలే.

తలుపు ఇంకా తెరిచే ఉంది. ఆమె దాని వైపు వెనక్కి వెనక్కి అడుగులేసింది.