పన్నెండో సీజన్ ఐసుగడ్డ

నలభై ఒకటో చుక్కలోనూ క్లోరిన్ తేలింది.

డాక్టర్ నస్రీన్ కళ్ళద్దాల మీద పేరుకున్న మంచు తుడుచుకుని తెరకేసి మళ్ళీ చూసింది. అంకె మారలేదు. మైనస్ ఇరవై డిగ్రీల గది. నోట్లోంచి వచ్చే మాట కూడా పొగలా కనిపించే చోటు. 

"ఏటయ్యింది? నోరు గడ్డకట్టీసిందేటి?" అంది ఎదురుగా స్టూలు మీద కూర్చున్న నూకరత్నం. యాభై రెండేళ్ళ మనిషి. విశాఖ జట్టుకి పద్నాలుగేళ్ళు డిఫెన్స్ ఆడిన ఆ మోకాళ్ళు ఇప్పుడు మెట్లెక్కితే కిర్రుమంటాయి. నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు.

గోడకి ఆనుకున్న సత్యవేణి నవ్వింది. ఒకప్పుడు అదే జట్టు, ఆమె పక్క స్థానం. "డాక్టరమ్మని తొందరపెట్టకే. నీ గొప్పతనానికి అంకెలు చాల్లేదేమో."

"నిన్నెవడడిగేడు? నీ గడ్డ వంతు రానీ. అప్పుడు నవ్వుదువుగాని."

ఆ యంత్రం పేరు లేయర్ రీడర్. వెంట్రుక మందంలో పదోవంతు ఐసుని లేజర్‌తో కరిగిస్తుంది, ఆ చుక్కని పరీక్షిస్తుంది, కింద బయటపడ్డ కొత్త ముఖాన్ని ఫొటో తీస్తుంది. తర్వాత ఇంకో పొర. స్కేటింగ్ బూటు అడుగునుండే ఉక్కు బ్లేడు ఐసుని కోసినప్పుడల్లా కంటికి ఆనని పొడి వదుల్తుంది. ఏ బ్లేడు పొడి దానిదే, వేలిముద్రలాగ. ఎన్నేళ్ళయినా గడ్డలో అలాగే ఉంటుంది. చిక్కల్లా ఒకటే. చదివిన పొర ఇక మిగలదు. తిప్పిన పేజీ తిప్పినట్టే నీరైపోయే పుస్తకం అనుకోండి.

ఇటుకంత ఐసుముక్క కోసం ఇంత రాద్ధాంతమా అంటారేమో. చెరువుల్లో రొయ్య చచ్చిపోయి, విశాఖ నుంచి నెల్లూరు దాకా కోల్డ్ స్టోరేజీలన్నీ ఖాళీ పడ్డ రోజుల్లో, పని పోయిన ఆడవాళ్ళే ఆ నేలల మీద నీళ్ళు పోసి గడ్డకట్టించి ఐస్ హాకీ మొదలుపెట్టారు. రోజుకి పది గంటలు చలిగదుల్లో రొయ్యలు వొలిచిన మనుషుల్ని చలేం చేస్తుంది? మగాళ్ళు చూసి నవ్వారు. మూడేళ్ళు తిరిగేసరికి ఆ మగాళ్ళే టికెట్ల లైన్లో చొక్కాలు చింపుకున్నారు.

మొదటి సీజన్‌లో అత్యంత విలువైన ప్లేయర్‌కి ఇవ్వడానికి కప్పు లేదు. ఎవరో రంపం తెచ్చి, ఆ ఏటి ఆట ఎక్కడ తేలిందో సరిగ్గా అక్కడే ఇటుకంత ఐసు కోసి చేతిలో పెట్టారు. గెలిచిన మనిషి ఆటోలో గాజువాక చేరేసరికి సంచీలో నీళ్ళు మిగిలాయి. అప్పట్నుంచి గడ్డలన్నీ లీగ్ ఫ్రీజర్‌లోనే ఉంటాయి. గుర్తులు చెరక్కుండా పైన పల్చటి నీటి పొర పోసి సీలు చేస్తారు. కింద ఇత్తడి రేకు, దాని మీద పేరు. తర్వాత తర్వాత వెండి కప్పులిస్తామని ఎందరొచ్చినా ప్లేయర్లు ఒప్పుకోలేదు. కప్పు మీద ఎవడి పేరైనా చెక్కొచ్చు, గడ్డలో మన కాలిగుర్తు ఉంటుంది అన్నారు.

నూకరత్నం తొమ్మిదో సీజన్‌లో గడ్డ గెలిచింది. ఆమె గొంతులో దిగిన ముల్లు మాత్రం పన్నెండోది. ఫైనల్, చివరి నిమిషం. కాకినాడ వాళ్ళు కొట్టిన పక్, అదే ఆ నల్లటి రబ్బరు బిళ్ళ, గోల్ గీత మీదికి వచ్చేసింది. నూకరత్నం ఒకవైపు నుంచీ, సత్యవేణి ఇంకోవైపు నుంచీ కాళ్ళు అడ్డం దూర్చారు. మంచుపొడి లేచింది. కెమెరాల్లో ఆ పొడి తప్ప ఏమీ పడలేదు. పక్ ఆగింది, విశాఖ గెలిచింది. సత్యవేణి కాలే ముందు తగిలిందని జడ్జీలు గడ్డ ఆమెకిచ్చారు. ఇరవై ఆరేళ్ళుగా నూకరత్నం ఏటా అర్జీ పెడుతోంది.

ఇప్పుడు యంత్రం వచ్చింది. రెండు కోతలు ఒకదాన్నొకటి దాటిన చోట, అడుగున ఎవరి ఉక్కు పొడి ఉంటే వాళ్ళే ముందొచ్చినట్టు. అయితే నూకరత్నం కోత ఎలా ఉంటుందో యంత్రానికి ముందు నేర్పాలి. దానికి ఆమె సొంత గడ్డ కరగాలి. "సగం కాకపోతే మొత్తం కరిగించుకోండి. దాని మొహం మాడిపోతే నాకు చాలు," అని సంతకం పెట్టేసింది.

"ఇందులో ఉక్కు లేదండీ," అంది నస్రీన్ చివరికి. "కోతలు కూడా లేవు. రింకులో పోసేది శుద్ధి చేసిన నీరు. అందులో క్లోరిన్ ఉండదు. ఇది కుళాయి నీళ్ళు."

"ఎవర్ని పట్టుకుని కుళాయి నీళ్ళంటన్నావ్?" నూకరత్నం స్టూలు తన్నేసి లేచింది. "నా గడ్డది! మీ కడప నుంచి పాడయిపోయిన మిషనొకటి మోసుకొచ్చి..."

"మిషను తప్పు కాదు రత్నమ్మా."

తలుపు దగ్గర గురువులు. ముప్పై ఏళ్ళుగా ఆ ఫ్రీజర్‌కి కాపలా ఉన్న ముసలాయన. నిలబడలేక గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"పదకొండేళ్ళ కిందట తుఫానొచ్చింది కదమ్మా. ఎనిమిది రోజులు కరెంటు లేదు. జనరేటరు నీళ్ళలో మునిగిపోనాది. ఒక్కోటీ కళ్ళెదుటే కారిపోతంటే ఏటి సెయ్యాల? కరెంటొచ్చాక కుళాయి నీళ్ళు పట్టి, డబ్బాల్లో పోసి, మళ్ళీ ఎవల అరలో వాళ్ళకి ఎట్టీసినాను. ఎవలూ అడగలేదు. పూలదండలేసి ఫొటోలు తీసుకున్నారు."

"అన్నీనా?" అంది నూకరత్నం. గొంతు సగానికి సగం తగ్గింది.

సత్యవేణి చప్పట్లు కొట్టింది. "బాగుంది! ఒలే, ఎనిమిదేళ్ళ కిందట కమిటీలో కూర్చుని రూలు రాసింది ఎవరే? 'ఐసు లేని పేరు చెల్లదు.' నెల్లూరు చెంగమ్మ తన గడ్డని స్కూలు పిల్లలకి చూపించబోతే కరిగిపోయింది. చెంగమ్మ నీ కాళ్ళు పట్టుకుంది. ఏమన్నావు? 'జాగర్త లేని మనిషికి గడ్డెందుకు' అన్నావు. నీ చేత్తోనే దాని రేకు ఊడదీసీసావు. ఇప్పుడు నీది ఊడదియ్యి. స్క్రూడ్రైవర్ ఇమ్మంటావా?"

"నీది మాత్రం మిగిలిందనుకుంటన్నావా? నీదీ కుళాయి నీళ్ళే!"

"కాదమ్మా," అన్నాడు గురువులు తల దించుకునే. "ఒక్కటి కాపాడినాను. హార్బర్లో ఐసూ ఉప్పూ అడుక్కొచ్చి, రొయ్యల ధర్మోకోలు పెట్టిలో ఎట్టి, ఎనిమిది రోజులూ దానిమీద పడుకున్నాను. ఒక్కదానికే చోటు. పన్నెండోది."

"దానిదా! నన్నొగ్గీసి దానిదా!"

"మీ వల్లే కదమ్మా! మిగతా గడ్డల కోసం ఎవలూ రారు. ఆ ఒక్కదాని కోసం మీరు ఏటా వచ్చి కేకలేస్తారు. అది పోతే నన్ను బతకనిస్తారేటి?"

 నస్రీన్ పన్నెండో సీజన్ గడ్డ తెచ్చి యంత్రం కింద పెట్టింది. మొదటి చుక్కలో క్లోరిన్ లేదు. సీలు పొర పోయాక తెర మీద రెండు గీతలు తేలాయి, వాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ. ఒక గీత అంచున చిన్న మెట్టు ఉంది.

"ఈ బ్లేడుకి మడమ దగ్గర నొక్కుందండీ," అంది నస్రీన్.

"నాదే," అంది నూకరత్నం. "ఎడమది. బందరు మ్యాచ్‌లో గోలు స్తంభానికి కొట్టుకుంది. మార్చుకోలేదు."

"అయితే ఏ గీత ఎవరిదో తేలిపోయింది. ఇంకో మూడువందల పొరలు దిగితే అడుగు తెలుస్తుంది. ముందెవరో చెప్పగలను. కానీ తర్వాత ఈ గీతలుండవు. దిగమంటారా?"

"దిగండి," అంది సత్యవేణి.

నూకరత్నం చటుక్కున తలతిప్పింది. సత్యవేణి మొహంలో నవ్వు లేదు.

"ఏం చూస్తావే? నాకు మాత్రం తెలుసేటి? మంచుపొడి మొహాన్న కొడితే కళ్ళు మూసీసుకున్నాను. కాలికేదో తగిలింది. అది పక్కో, నీ బూటో. ఇరవై ఆరేళ్ళుగా దండలు వేయించుకుంటన్నాను, లోపలొకటే పీకులాట. నీ తిట్లకి ఎదురు తిట్టాను గాని, తెలిసి తిట్టలేదు. దిగండి డాక్టరమ్మా. నా పేరు పోతే పోయింది."

ఈ మాట కోసం నూకరత్నం ఇరవై ఆరేళ్ళు కాచుకుంది. ఊళ్ళో అందర్నీ పిలిచి వినిపించాల్సిన మాట. కానీ ఆమె చూపు తెర మీంచి కదల్లేదు. పద్నాలుగేళ్ళు తను ఆడిన ఐసంతా ఎప్పుడో కరిగి కాలవల్లో పోయింది. సొంత గడ్డ వట్టి కుళాయి నీళ్ళని తేలింది. లోకం మొత్తం మీద తన కాలు పడ్డ ఐసు ఇటుకంత మిగిలింది. అదీ ఈ మనిషి పేరు కింద.

నస్రీన్ వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఆపు!"

"అర్జీ మీదే కదండీ?"

"నాదే. నానే చెప్తన్నాను, ఆపు. ఇంకో చుక్క కారిందంటే నీ కళ్ళద్దాలు పగలగొడతాను."

"ఎవరు ముందో తేలొద్దా?" సత్యవేణి అరిచింది. "పిచ్చెక్కిందేటే నీకు?"

 నూకరత్నం ఒట్టి చేతుల్తో గడ్డని ఎత్తి, చర్మం అతుక్కుపోతున్నా వదలకుండా, తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పెట్టి తలుపు మూసింది.

ఆమె రాసిన రూలుని లీగ్ అక్షరం పొల్లుపోకుండా పాటించింది. తుఫానుకి ముందటి గడ్డల కింది రేకులన్నీ ఊడాయి, పన్నెండో సీజన్‌ది తప్ప. బందరు నుంచి నెల్లూరు దాకా పేర్లు పోయిన ప్లేయర్లు ఫోన్లు చేసి నూకరత్నాన్ని తిట్టని తిట్టు లేదు. ఆమె కూడా ఒక్క తిట్టూ బాకీ ఉంచలేదు.

గురువులు పని మానేశాక ఆ కాపలా స్టూలు మీద ఇప్పుడు నూకరత్నమే కూర్చుంటోంది. రెండు జనరేటర్లు పెట్టించింది, మూడు థర్మామీటర్లు. గంటకోసారి లేచి చూస్తుంది. పక్క అర తలుపు ఎవరైనా రెండు నిమిషాలు తెరిచుంచితే వాళ్ళ వంశాన్నంతా పేరుపేరునా తలుచుకుంటుంది.

మొన్న ఫైనల్ రోజు పొద్దున్న సత్యవేణి వచ్చింది, చేతిలో కాగితంతో. ఇలా రావడం ఇది మూడో ఏడు.

"అర్జీ తెచ్చాను. నా గడ్డ కరిగించి చూడమని. నీ సంతకం కూడా కావాలంటన్నారు."

నూకరత్నం కాగితం అందుకుంది. చదవలేదు. నాలుగు మడతలు పెట్టి, ఫ్రీజర్ తలుపు అంచున రబ్బరు వదులై చలి కారుతున్న సందులో కూరింది. అరచెయ్యి పెట్టి చూసింది. కారడం ఆగింది.

"నానూ ముసలిదాన్నైపోతన్నానే," అంది సత్యవేణి. "తెలీకుండానే చచ్చిపోమంటావా?"

"చావు. కాని ఇక్కడ నిలబడకు," అంది నూకరత్నం, థర్మామీటరు మీంచి చూపు తిప్పకుండా. "నీ ఊపిరి వేడి."