కాలికి కట్టిన దూడ

నయాపూల్ దగ్గర బట్టల దుకాణం పైగదిలో ఉండేది ప్రైవేటు డిటెక్టివ్ విఠల్‌రావు ఆఫీసు. 1978 మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం మెట్లెక్కి వచ్చిన మనిషి గడప దగ్గరే ఆగిపోయింది. నలభై దాటిన వయసు. నేత చీర చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అమ్మను పోలీసులు పట్టుకపోతరా సార్?" అని అడిగింది.

విఠల్‌రావు సహాయకుడు ఇశ్రాయేలు ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాడు. కోర్టులో అటెండరు ఉద్యోగం వదులుకుని ఈ గదికి వచ్చినవాడతను. విఠల్‌రావు ఏం చూస్తే తానూ అదే చూడాలని పట్టుదల. చూసేవాడు కూడా. చూసినదాంట్లోంచి ఆయనకు తెలిసేది తనకెందుకు తెలియదో మాత్రం అంతుపట్టేది కాదు.

ఆమె పేరు రాజమణి. గౌలిపురలో ఇల్లు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఉద్యోగం. తల్లి నీలమ్మ జీవితమంతా బర్రెలు సాకి, పాలు పోసి కూతుర్ని చదివించింది. కొంతకాలంగా ఆమెకు మతి తప్పిపోతోంది. మొదట పొయ్యి మీది గిన్నెను మరిచింది, తర్వాత మనుషుల పేర్లు. ఒకరోజు ఇల్లు వదిలి నడుచుకుంటూ వచ్చి నయాపూల్ మీద బస్సుల మధ్య నిలబడింది. రాజమణికి వేళాపాళా లేని డ్యూటీలు, ఇంట్లో మరో మనిషి లేదు. సైదాబాద్‌లో ఇలాంటి ముసలివాళ్ళ కోసం నడిచే 'సుఖవాసం' అనే ఇంట్లో తల్లిని చేర్చింది.

"సోమవారం పగటీలి ఆఫీసుకు ఫోన్ చేసిన్రు. వాసవాంబ గారని ఇంకో ముసలామె ఉన్నది. ఆమెను మా అమ్మ మెట్ల మీదికెళ్ళి నూకిందట. తుంటి విరిగింది. మేట్రన్ కోమలవల్లి గారు కిటికీలకెళ్ళి చూసిన అంటున్నది. ఆయా ఆగమ్మ గూడ గదే మాట. వాసవాంబ గారి తమ్ముడు రామానుజం గారు ఠాణాల ఫిర్యాదు ఇచ్చిండు. అమ్మను పిచ్చాసుపత్రిల వెయ్యుమంటున్నరు."

"మీరేమన్నారు?"

"వెయ్య అన్న. ఆ గడియలనే ఇంటికి తోల్కొచ్చిన." రాజమణి గొంతులో భయం పోయి మరేదో వచ్చింది. "అమ్మ నన్ను మరిచిపోయింది సార్. తన పేరు గూడ మరుస్తది. కని మనిషి మీద చెయ్యి చేసుకునుడు ఆమెకు ఎన్నడు తెల్వది. తెల్వని పని మతి పోయినంక ఎట్ల నేర్చుకుంటది?"

ఇశ్రాయేలు విఠల్‌రావు వైపు చూశాడు. ఆయన ఆ మాటను మనసులో పెట్టుకున్నట్టు తల ఊపాడు.

రాజమణి సంచిలోంచి ఒక గుడ్డపేలిక తీసింది. "ఇది అమ్మ పిడికిట్ల ఉండె. ఇంటికి వచ్చేదాక ఇడువలే. వాసవాంబ గారి చీర చింపిందని అన్నరు."

తెల్లటి నూలుగుడ్డ, రెండు వేళ్ళ వెడల్పు, చాలాసార్లు ఉతికి మెత్తబడింది. రెండు అంచులూ లోపలికి మడిచి మిషను మీద కుట్టి ఉన్నాయి. కొసల్లో ముడతలు గట్టిపడి ఉన్నాయి. విఠల్‌రావు దాన్ని ఇశ్రాయేలుకు చూపించి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే గౌలిపుర వెళ్ళారు. నీలమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, చేతులు మాత్రం బలంగా ఉన్నాయి. విఠల్‌రావు ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, సోమవారం ఏమైంది?"

"ఏ సోమారం?"

"వాసవాంబ గారు పడ్డ రోజు."

"ఆమె ఎవరు?" నీలమ్మ చూపు ఎటో పోయింది. కాసేపటికి తనంతట తానే మొదలుపెట్టింది. "దూడ గుంజుకుంటాంది. ఒర్రుతాంది. ఎవ్వరు వస్తలేరు. కాలుకు కట్టిన్రు, పాపపోళ్ళు. ఒక కాలు ఇడిసిన. రెండోది ఇడుద్దమంటే ఆగకపాయె. లేసింది, పడ్డది."

రాజమణి కళ్ళు తుడుచుకుంది. "ఎప్పుడు అడిగినా గిదే దూడ ముచ్చట సార్. బర్రెలు అమ్మి చానా ఏండ్లాయె."

"మీ ఇంట్లో దూడను ఎక్కడ కట్టేవాళ్ళు?"

"మెడకు. ఇంకెక్కడ కడ్తరు?"

విఠల్‌రావు లేచి ధోవతికి అంటిన దుమ్ము దులుపుకున్నాడు. దారిలో ఇశ్రాయేలు ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఆమె పాతకాలంల ఉన్నది. ఆ మాటలల్ల మనకు ఏం దొరుకుతది?"

"ఆమె అబద్ధం చెప్పగల స్థితిలో లేదు ఇశ్రాయేలు. ఈ కేసులో అలాంటి సాక్షి ఆమె ఒక్కతే," అన్నాడాయన.

మర్నాడు పొద్దున ఇద్దరూ సుఖవాసం గేటు ముందు నిలబడ్డారు. మతి తప్పిన అక్కను చేర్పించడానికి చోటు చూసుకుంటున్న తమ్ముడినని చెప్పుకున్నాడు విఠల్‌రావు. గేటు తాళం తీయడానికి చాలాసేపు పట్టింది. సందర్శకులు ఆదివారం ఉదయమే రావాలని బోర్డు ఉంది.

కోమలవల్లి చక్కటి ఇస్త్రీ చీరలో, నెమ్మదైన మాటతో ఎదురొచ్చింది. ఆఫీసు గది చల్లగా ఉంది. కిటికీకి వట్టివేళ్ళ తడక నిండుగా కప్పి ఉంది.

"బయటి ఎండ ఇక్కడ తెలియడమే లేదు," అన్నాడు విఠల్‌రావు.

"ఎండలు మొదలైన దగ్గర్నుంచి వానలు పడేదాకా ఈ తడక ఎత్తను. మధ్యాహ్నం నీళ్ళు చల్లించుకుని ఇక్కడే ఉంటాను," అందామె సంతోషంగా.

ఆడవాళ్ళ గదిలో ఇనుప మంచాలు వరసగా ఉన్నాయి. దుప్పట్లు తెల్లగా, గచ్చు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క మాటా వినిపించడం లేదు. ఇశ్రాయేలుకు ఆ నిశ్శబ్దం బాగుందనిపించింది. తర్వాత మంచాల కాళ్ళవైపు చూశాడు. ఆకుపచ్చ రంగు అంతటా ఉన్నా, పాదాలు పెట్టే వైపు కడ్డీల మీద మాత్రం గీసుకుపోయి ఇనుము మెరుస్తోంది. అన్ని మంచాలకూ అదే చోట.

"మధ్యాహ్నం వీళ్ళ దగ్గర ఎవరుంటారు?" అని అడిగాడు విఠల్‌రావు.

"ఆగమ్మ కదలదు."

నీళ్ళు పడుతున్న ఆగమ్మ తల ఎత్తలేదు. విఠల్‌రావు ఒక ముసలమ్మ దగ్గర వంగి, "మీ పేరేమిటమ్మా?" అన్నాడు. ఆమె పెదవులు కదిలేలోపే కోమలవల్లి జవాబిచ్చింది. "లలితమ్మ. ఆమెకేం తెలియదండీ. వీళ్ళు చెప్పేవి పట్టించుకోకండి."

మూలమంచం దగ్గర విఠల్‌రావు కలం జారి కింద పడింది. ఆయన వంగి మంచం కిందికి చెయ్యి పెట్టి తీసుకున్నాడు. కలంతోబాటు మరేదో పిడికిట్లో ఉందని ఇశ్రాయేలు గమనించాడు. ఆ మంచం ఎవరిదని అడిగితే, ఆసుపత్రిలో ఉన్న వాసవాంబదని ఆగమ్మ చెప్పింది.

బయటికి రాగానే ఆయన ఇశ్రాయేలును ఎదుటి ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి గేటును కనిపెట్టి ఉండమన్నాడు. అన్నాల వేళ దాటగానే ఆగమ్మ బయటికొచ్చి వెనక వీధిలో ఒక ఇంట్లోకి వెళ్ళింది. సాయంత్రం దాకా అక్కడే, చంటిపిల్లను భుజాన వేసుకుని వరండాలో తిరుగుతూ కనిపించింది. ఆ ఇంటి ఇల్లాలు సుశీల కోమలవల్లి కూతురేనని హోటల్ వాడు చెప్పాడు.

విఠల్‌రావు ఈలోగా ఆసుపత్రికి వెళ్ళి వచ్చాడు. వాసవాంబ నిద్రలో ఉంది. లేచినా ఏం జరిగిందో చెప్పగల మతి ఆమెకూ లేదు. రామానుజం గుడి సేవలో ఉన్న మనిషి, నుదుట నామం. కోపంగా ఉన్నాడు కానీ అడిగినవాటికి జవాబిచ్చాడు. అక్క కాలి మడమ పైన చుట్టూ కమిలిన గుర్తు ఉంది, అది పడ్డ దెబ్బేననుకున్నాడు. కళ్ళజోడు మెట్ల మీద పగిలిందని ఒక అద్దం లేకుండా ఇచ్చారు. ఇవన్నీ ఇశ్రాయేలుకు చెప్పి, ఆదివారం అందరినీ సుఖవాసంలో కలుద్దామన్నాడు విఠల్‌రావు.

ఆదివారం ఉదయం వరండాలో కుర్చీలు వేశారు. కోమలవల్లి, ఆగమ్మ, సుఖవాసం కమిటీ కార్యదర్శి బాబురావు, రామానుజం, ఫిర్యాదు విచారణకు వచ్చిన ఎస్సై ఉన్నారు. చూడవచ్చిన మిగతా బంధువులు గుమ్మాల దగ్గర మూగారు. రాజమణి తల్లి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమెను చూసి రామానుజం మొహం తిప్పుకున్నాడు.

"ఆమెను లోపలికి తేకండి, మిగతావాళ్ళు భయపడతారు," అంది కోమలవల్లి.

"మా అమ్మ కుర్చీల కూసుంటది. అందరి తోని సమానంగ," అని రాజమణి తల్లిని ముందు వరసలోనే కూర్చోబెట్టింది.

విఠల్‌రావు లేచి, తాను రాజమణి తరఫున వచ్చిన డిటెక్టివ్‌నని చెప్పాడు. "కోమలవల్లి గారూ, సోమవారం మధ్యాహ్నం మీరు చూసిందేమిటో మరోసారి చెప్పండి."

"ఆఫీసు కిటికీలోంచి చూశాను. నీలమ్మ రెండు చేతులతో తోసింది."

"తడక ఎత్తారా?"

"పక్కనుంచి చూశాను."

ఎస్సై లేచి వెళ్ళి కిటికీ చూసివచ్చాడు. "సందు లేదు. చుట్టూ మేకులు కొట్టి ఉన్నది," అన్నాడు.

విఠల్‌రావు జేబులోంచి పేలిక తీశాడు. "ఇది పెనుగులాటలో చిరిగిన చీరముక్క అన్నారు. చిరిగిన గుడ్డకు రెండు అంచులూ మిషను కుట్టు ఉండదు. ఇది కావాలని కుట్టించినది. కొసల్లో రోజూ వేసి విప్పిన ముడుల గుర్తులున్నాయి. లోపల ప్రతి మంచానికీ కాళ్ళవైపు కడ్డీ రంగు అరిగింది. వాసవాంబ గారి మడమ చుట్టూ కమిలింది. రామానుజం గారూ, మెట్ల మీద పడితే కాలు చుట్టూరా గుర్తు పడదు. ఇక్కడ మధ్యాహ్నం మనుషుల్ని మంచాలకు కట్టేస్తున్నారు."

గుమ్మాల దగ్గర కలకలం రేగింది. బాబురావు మొహం వెలవెలబోయింది.

"నీలమ్మ ఏదో దూడ కథ చెబుతోందని ఎవరూ పట్టించుకోలేదు. దూడను మెడకు కడతారు, ఆమె కాలికి కట్టారంటోంది. జీవితమంతా దూడల మధ్య బతికిన మనిషి పొరబడే విషయం కాదది. మాట మరిచిపోయి దూడ అంది, అంతే. చూసింది మనిషినే. ఎవరో ఏడుస్తుంటే, ఎవరూ రాకపోతే, ఆమె తన కట్టు విప్పుకుని వెళ్ళి పక్కమంచం కట్టు విప్పింది. ఒక కాలు విప్పింది. రెండోది విప్పేలోపు వాసవాంబ గారు లేచి అక్కడే పడ్డారు." ఆయన అరచెయ్యి తెరిచాడు. చిన్న గాజుపెంకు. "మెట్ల మీద పగిలిందన్న కళ్ళజోడు అద్దం మూలమంచం కింద దొరికింది."

"మధ్యాహ్నం ఆగమ్మ ఇక్కడ ఉండదు," అన్నాడు ఇశ్రాయేలు. "వెనక వీధిల మేట్రన్ గారి మనవరాలిని ఎత్తుకుంటది. నేనే చూసిన."

ఆగమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఆపైన మెల్లగా మాట్లాడింది. "మేట్రనమ్మ కట్టి పొమ్మంటది సార్. నేనే కడ్త. ఆ దినం సుశీలమ్మ ఇంటికి ఫోన్ చేసి రమ్మన్నది. నేను వచ్చేదాక ఆ ముసలామె కిందనే పడి ఉన్నది. ఇద్దరం లేపి మెట్ల కాడ పండవెట్టినం. గా నీలమ్మ పిడికిలి తెరువుమంటె తెరువలే. కొల్వు పోతదని భయపడి అబద్ధం చెప్పిన."

రామానుజం కుర్చీ అంచు పట్టుకున్నాడు. "విరిగిన తుంటితో మోసుకెళ్ళారా?"

కోమలవల్లి లేచి నిలబడింది. నెమ్మది మాట పోయింది. "కట్టకపోతే వీధిలో పడతారు. ఇళ్ళల్లో చూసుకోలేక నా మీద వదిలిపోతారు, పైగా నీతులు చెబుతారా? రేపు కోర్టులో ఎవరు నిలబడతారు? ఈవిడా? ఇవాళ ఏ వారమో చెప్పమనండి."

ఎస్సై కూడా సందేహంగా కలం ఆపాడు. "మతిలేని మనిషి వాంగ్మూలం చెల్లుబాటు..."

"చెల్లుతదో లేదో జడ్జి చెప్తడు. మీరు రాసుకోండి," అంది రాజమణి. "ఆమె ఏమన్నదో గట్లనే రాయండి, ఒక్క మాట మార్చకుండ. చూసుకోలేకనే ఇడిసిన, అవును. కట్టెయ్యమని ఇడువలే. వారం తెల్వకున్నా ఒకరు ఏడుస్తుంటె లేసి పోయింది మా అమ్మ. వారం తెలిసినోళ్ళు తడక సాటున కూసున్నరు."

ఎస్సై రాయడం మొదలుపెట్టాడు. బాబురావు రాజమణి దగ్గరికి వచ్చి, బయట పడకుండా సర్దుబాటు చేసుకుందామని గొణిగాడు. రామానుజమే అడ్డుపడ్డాడు. "నా ఫిర్యాదు అలాగే ఉంటుంది. అందులో పేరు మాత్రం మారుతుంది." అని నీలమ్మ ముందు వంగి రెండు చేతులూ జోడించాడు. నీలమ్మకు ఎందుకో అర్థం కాలేదు, తనూ జోడించింది.

కోమలవల్లి మీద కేసు నడిచింది. ఆగమ్మ సాక్ష్యం చెప్పింది. బంధువులు వచ్చి ఎవరివాళ్ళను వాళ్ళు తీసుకుపోయారు.

రాజమణి సెలవు అయిపోవచ్చింది. ఆమె మళ్ళీ చోటు వెతకాలి. ఈసారి ఇశ్రాయేలును తోడు రమ్మంది. మధ్యాహ్నం వెళితే మొదటి ఇంటివాళ్ళు సాయంత్రం రమ్మన్నారు. "గిప్పుడు సూపెట్టనిది సాయంత్రం సూసి ఏం జేస్త?" అని అక్కణ్ణుంచి తిరిగివచ్చేసింది.

రెండోది ఉప్పుగూడలో పెంకుటిల్లు. నడిపే మనిషి పేరు సూర్యప్రభ, భర్త పోయాక తన ఇంటినే ఇలా మార్చిందట. తల్లిని వెంటబెట్టుకుని, ముందు కబురు పెట్టకుండా, మిట్టమధ్యాహ్నమే తలుపు తట్టింది రాజమణి.

"గొళ్ళెం లేదు, తోసుకుని రండి. నా చెయ్యి ఎంగిలి," అని లోపలి నుంచి కేక వచ్చింది.

లోపల గోలగా ఉంది. ఒక ముసలాయన రేడియోతో పోట్లాడుతున్నాడు. ఎవరో పాడుతున్నారు. దుప్పట్లు మాసినట్టే ఉన్నాయి. ఇశ్రాయేలు ముందుగా మంచాల కడ్డీలు చూశాడు. రంగు చెక్కుచెదరలేదు. సూర్యప్రభ నేల మీద కూర్చుని, ఒక ముసలమ్మకు పప్పన్నం కలిపి తినిపిస్తోంది. రాజమణి తలుపులన్నీ తెరిచి చూసింది, పెరట్లోకి వెళ్ళివచ్చింది. ఎవరూ వద్దనలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి నీలమ్మ సూర్యప్రభ పక్కన చతికిలబడి ఉంది.

"గంత పెద్ద ముద్ద పెడ్తరా? పొలమారదా?" అని కసురుకుంది.

సూర్యప్రభ చేతిలోని ముద్దను రెండు చేసింది. "ఇంత చాలా అవ్వా?"

"గట్ల," అంది నీలమ్మ. పక్కనున్న చెంబు అందుకుని నీళ్ళు పట్టుకుని కూర్చుంది.

రాజమణి చాలాసేపు నిలబడి చూసింది. తర్వాత భుజానికున్న తల్లి బట్టల సంచి దించి గోడ వారగా పెట్టింది.